తొట్టిపాలైన సీసా

మా లెక్కల టీచరుకి కోపమే ఊపిరి. సుద్దముక్క విరిగితే సుద్దముక్క మీద, గంట ఆలస్యంగా కొడితే ప్యూను మీద, వేళకు కొడితే లెక్క పూర్తి కానివ్వలేదని మళ్ళీ ప్యూను మీద. ఒకసారి పొద్దుటినుంచీ మాట్లాడకుండా కూర్చుంటే ఒంట్లో బాగాలేదా అని అడిగాను. తిట్టడానికి ఎవరూ దొరకలేదని, అదే మంటగా ఉందని కసిరింది. నేను సైన్సు చెబుతాను కనుక మంటల పక్కన కూర్చోవడం అలవాటే.

ఆవిడకు అవతలి పక్క డ్రాయింగు మాస్టారు కూర్చునేవారు. వయసులో మా అందరికంటే చిన్న. మెత్తని మనిషి.

సంవత్సరాంతంలో ఒక పిల్ల తండ్రి స్టాఫ్‌రూముకి వచ్చాడు. కూతురికి బొమ్మల పోటీలో మొదటి బహుమతి వచ్చిందట. రంగు కాగితం చుట్టిన విస్కీ సీసా మాస్టారి బల్లమీద పెట్టి, పిల్లలతో వేగేవాళ్ళకు ఇదే సరైన మందని నవ్వాడు. మేమూ నవ్వాం. మాస్టారు నవ్వలేదు. ఆయన చెయ్యి సీసాదాకా వెళ్ళి ఆగిపోయింది.

లెక్కల టీచరు దిగ్గున లేచింది. సీసా లాక్కుని, మూత తిప్పి, చేతులు కడుక్కునే తొట్టిలో బడబడా పారబోసింది. గది గుప్పుమంది.

"మీ పిల్లకి బొమ్మలు నేర్పితే, మాకు తాగుడు నేర్పుతారా?"

పెద్దమనిషి ముఖం కందగడ్డయింది. తిన్నగా హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళాడు. ఆమె టీచరుని పిలిపించి కారణం అడిగితే, కోపం వచ్చింది, అంతకంటే కారణమేముంటుందని చెప్పిందట. క్షమాపణ కూడా చెప్పింది గాని, అది విన్నవాళ్ళకు తిట్టులాగే వినిపించింది.

తిరిగి రాగానే మేమంతా ఆవిడ మీద పడ్డాం. తనకివ్వలేదని కడుపుమంట అని సంగీతం టీచరు తేల్చేసింది. వద్దనుకుంటే తన కానుక తను పారబోసుకోవాలి గాని, పక్కవాళ్ళది పారబోయడానికి ఈవిడెవరని నాకూ ఒళ్ళు మండింది. చిత్రమేమంటే, నోరున్న మనిషి ఆరోజు నోరెత్తలేదు.

అప్పుడు డ్రాయింగు మాస్టారు లేచారు.

"అక్కనేమీ అనకండి. నేను తాగుబోతుని. మానేసి ఎన్నాళ్ళో కాలేదు. ఆ సీసా నాతో ఇంటికి వచ్చుంటే మళ్ళీ మొదటికే. ఈ సంగతి అక్కకొక్కదానికే తెలుసు. రోజూ సాయంత్రం బ్రాందీ షాపు దాటేదాకా నన్ను తిడుతూ పక్కనే నడుస్తుంది. ఆ తిట్లలో పడి, షాపు ఎప్పుడు దాటానో నాకే తెలియదు."

సంగీతం టీచరు గొంతు సవరించుకుంది గాని, శ్రుతి కుదరలేదు. అందరం లెక్కల టీచరు వైపు తిరిగాం. కళ్ళు చెమ్మగిల్లి ఉంటాయనుకున్నాను. నిప్పుల్లా ఉన్నాయి.

"నిన్నెవరు చెప్పమన్నార్రా? ఇన్నాళ్ళు దాచి చచ్చానే! చివాట్లు తిన్నది కూడా దండగ చేశావు."

ఆ సాయంత్రం మేమూ వెంట నడిచాం. ఇళ్ళకు పోతున్నారా, ఊరేగింపు తీస్తున్నారా అని దారిపొడవునా అందరికీ అక్షింతలు వేసింది. ఆ బ్రాందీ షాపు ఏ మలుపులో ఉందో చూడాలనుకున్నాను. తిట్లు తినే హడావిడిలో కనిపించనే లేదు.