మెట్లు లేని కోట

1984. అమలాపురం దగ్గర ఓ మిషన్ ఆసుపత్రిలో మగవాళ్ళ ఎముకల వార్డుకి నేను ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. కాలికి బరువు కట్టి లాగిపెట్టే ట్రాక్షన్ మీద వారాల తరబడి పడుకోవాల్సినవాళ్ళే చాలామంది. ఒళ్ళు కదలకపోతే నోరు ఊరుకుంటుందా? పప్పులో ఉప్పు లేదని ఒకరు, పక్క మంచం గురక అని ఇంకొకరు నా ప్రాణం తోడేసేవారు.

ఆ పోరు పడలేక ఓ పెట్టె బయటికి తీశాను. మాతో కొన్నాళ్ళు పనిచేసి వెళ్ళిపోయిన విదేశీ డాక్టరమ్మ నాకు నేర్పి, వదిలి వెళ్ళిన ఆట అది. గేమ్ మాస్టర్ అని ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలో వేషం తీసుకుని "నేనిలా చేస్తాను" అంటారు. జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. నేనే గేమ్ మాస్టర్‌ని, కథంతా గోదావరి లంకల్లోనే. తొడ విరిగి ఆలమూరు నుంచి వచ్చిన రైతు వీర్రాజు గారు రాజు వేషం ఎవరికీ ఇవ్వనన్నారు.

మూల మంచం సత్తిబాబుది. అల్లవరం వైపువాడు, కొబ్బరి దింపులు తీసేవాడు. చెట్టు మీంచి పడి వెన్ను విరిగింది. నడుం కింద అంతా చచ్చుబడింది. పారాప్లీజియా అంటాం దాన్ని. పెళ్ళయి ఎన్నాళ్ళో కాలేదు. అన్నం పెడితే మొహం గోడకి తిప్పేసేవాడు. చక్రాల కుర్చీ తెస్తే "తీసుకుపొండి" అని కసిరేవాడు.

అలాంటివాడు ఓ సాయంత్రం ఆట పుస్తకం అడిగాడు. రాక్షసుల బొమ్మలన్నీ తిరగేసి ఒకదాని మీద వేలు పెట్టాడు. నడుం పైన మనిషి, కింద పాము.

"నాకీ ఏషం ఇవ్వండి, సిస్టరు గారూ."

"అవి ఆడేవాళ్ళకి కాదు నాయనా. గేమ్ మాస్టర్ చేతిలో ఉంటాయి, మీరు కొట్టి చంపడానికి."

"కాళ్ళు లేనోడు కొట్టించుకోడానికేనా అండీ?"

ఇస్తానన్నాను.

ఇవ్వడం అంత తేలిక కాదు. అంత బలమున్నవాడు మనుషుల పక్కన నిలబడితే మిగతావాళ్ళకి పనేముంటుంది? అందుకని పుస్తకంలో దానికున్న విషపు చూపు తీసేశాను, బలం తగ్గించేశాను. ఈత, చేతుల జోరు ఉంచాను. అవి ఉన్నందుకు ఓ లోటు కూడా ఉండాలని, అంత బరువు ఒళ్ళు మెట్లెక్కలేదని రూలు పెట్టాను.

"పాముతో పొత్తేటండీ నాకు!" అని వీర్రాజు గారు మొదట ఒకటే గోల. ఆటలో ఆయన పడవ బోల్తాపడినప్పుడు ఆ పామే ఈది ఒడ్డున పడేసింది. ఆ మర్నాడు ఆటలో అందరూ రాజుగారి కోట చేరారు. ముందంతా మెట్లే. రూలు ప్రకారం సత్తిబాబు బయటే ఆగిపోవాలి.

వీర్రాజు గారు దిండు మీంచి తలెత్తారు. "నా పేణం కాపాడినోణ్ణి గుమ్మంలో వదిలేసి నేను సింహాసనం ఎక్కనండీ. మెట్లు కొట్టించెయ్యండి. వాలుగా మట్టి పోయించండి."

"అలా రూల్లో లేదండీ."

"కోట నాదాండీ, రూలుదాండీ?"

వార్డంతా గొల్లున నవ్వి చప్పట్లు కొట్టింది. ఆటలో మెట్లు పోయి వాలు వచ్చింది. సత్తిబాబు నవ్వడం నేను అప్పుడే చూశాను. మర్నాడు తనే "ఆ కుర్చీ ఇటు తొయ్యండి, పడుకునుంటే పాచికలు సరిగా పడట్లేదు" అన్నాడు. ఆ వంకతోనే కుర్చీలో కూర్చుని చేతుల మీద ఒళ్ళు పైకెత్తడం నేర్చుకున్నాడు. అలా ఎత్తకపోతే ఒకేచోట ఒత్తుకుని పుండు పడుతుంది. బెడ్‌సోర్ అనే ఆ పుండే ఇలాంటివాళ్ళ ప్రాణం తీస్తుంది.

డిశ్చార్జ్ రోజున అతని భార్య మంగకి మందులు, మూత్రం గొట్టం శుభ్రం చెయ్యడం, మళ్ళీ ఎప్పుడు రావాలో అన్నీ చెప్పాను. "ఆయ్, అలాగేనండి" అంది. సత్తిబాబు కుర్చీ జీపు మీద కట్టించుకుని దర్జాగా వెళ్ళాడు.

చెప్పిన రోజుకి రాలేదు. వానల్లో సెలవు పెట్టి నేనే వెళ్ళాను. వరద భయంతో మా వైపు ఇళ్ళు ఎత్తుగా కడతారు కదా, వాళ్ళ అరుగు నా గుండెల దాకా ఉంది. ఎక్కడానికి నిటారుగా, ఇరుకు మెట్లు. కుర్చీ పశువుల పాకలో ఉంది, దాని మీద కొబ్బరాకులు పేర్చారు. గుమ్మంలోనే పుండు వాసన తగిలింది.

"ఇద్దరు మగోళ్ళుంటేగానీ దింపలేమండి," అంది మంగ ఏడుస్తూ. "మొదట్లో ఇరుగుపొరుగోళ్ళు వచ్చేరు. రోజూ ఎవరొస్తారండీ? ఈయన మంచం మీదే ఉండిపోయేరు."

సత్తిబాబు నన్ను చూసి నవ్వాడు. చిక్కి శల్యమయ్యాడు. "రాజు గారు బాగున్నారాండీ?" అన్నాడు. మళ్ళీ తనే, "ఆ కోట భలేగుండేదండీ" అన్నాడు.

ఆసుపత్రికి తెచ్చాం. పుండు ఎముక దాకా దిగింది, జ్వరం లొంగలేదు. ఆ వానాకాలం దాటలేదు సత్తిబాబు.

మెట్లు తీసెయ్యాలని వీర్రాజు గారికి ఆటలో తోచింది. అందరం నవ్వి, చప్పట్లు కొట్టి ఊరుకున్నాం. ఆ ఇంటి ముందు నాలుగు బళ్ళ మట్టి వాలుగా పోయించమని డాక్టరు చెప్పలేదు, నేను చెప్పలేదు, మంగ అడగలేదు. అడగాలని ఆ పిల్లకేం తెలుసు?

ఆ తరవాత రిటైరయ్యేదాకా ఆ వార్డు నుంచి ఎవరు ఇంటికెళ్తున్నా మందుల చీటీ కన్నా ముందు ఒకటి అడిగేదాన్ని.

"మీ ఇంటి అరుగు ఎంత ఎత్తండీ?"

"వైద్యానికీ అరుగుకీ ఏటండీ సంబంధం?" అని నవ్వేవారు.

"ఉంది లెండి. ఎంత ఎత్తో చెప్పి కదలండి" అనేదాన్ని.