అమలమ్మ గారి ఎనిమిది కట్టు

పదమూడేళ్ల వయసులో నాకు నోరెక్కువ, బుద్ధి తక్కువ. 1974 మే నెలలో ఏలూరు కాలువ గట్టు మీద సైకిలు నేర్చుకుంటూ పడి, మెడ కింది కాలర్‌బోను విరగ్గొట్టుకున్నాను. గవర్నర్‌పేటలో బట్టల కొట్టు గుమాస్తాగా పనిచేసే మా నాన్న నన్ను ఆ పక్క సందులోని ఎముకల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ కట్లు కట్టేది అమలమ్మ గారు.

ఆపరేషనూ లేదు, పిండికట్టూ లేదు. రెండు చంకల్లో దూది పెట్టి, భుజాలు వెనక్కి లాగి, వీపు మీద ఎనిమిది అంకెలా గుడ్డపట్టీ చుట్టేశారు.

"పోలీసోడిలా నిలబడవే పిల్లా! ఎదిగే ఎముక, దానంతటదే అతుక్కుంటుంది."

ఆ పట్టీ రెండు రోజులకే వదులయ్యేది. అందుకని మూడు వారాలపాటు రోజు విడిచి రోజు వెళ్లి బిగించుకోవాలి.

ఆవిడకు నలభై దాటాయి. భర్త పోయి పదేళ్లు, పిల్లల్లేరు. చర్చి వెనక ఒంటిగదిలో ఉండేవారు. పొద్దస్తమానం ఎవరెవరికో కట్లు కట్టే మనిషి, ఇంటికెళితే పలకరించే దిక్కు లేదు. నన్ను కావాలనే అందరికన్నా ఆఖర్న పిలిచేవారు. నేను చెయ్యెత్తలేను కదా, కట్టు బిగించాక నా జడ విప్పి, దువ్వి, మళ్లీ అల్లేవారు.

"నువ్వొచ్చిన రోజే నాకు అన్నం సయిస్తుందే, చౌడేశ్వరీ," అన్నారొకసారి. నేను నవ్వేసి ఊరుకున్నాను.

మూడు వారాలు నిండాయి. ఆవిడ ఎముక మీద వేలితో నొక్కి, "నొప్పా?" అన్నారు.

"అస్సల్లేదు. తీసెయ్యండి బాబూ, చెమటకి చచ్చిపోతున్నా!"

ఆవిడ డాక్టరు గారికిచ్చే చీటీ మీద ఏదో రాశారు. తొంగి చూశాను. 'నొప్పి ఉంది. ఇంకో వారం ఉంచాలి.'

ఒళ్లు మండిపోయింది నాకు. చీటీ లాక్కుని డాక్టరు గారి గదిలోకి దూసుకెళ్లాను. "అబద్ధం రాసిందండీ! నాకు నొప్పి లేదండీ!"

ఆయన నొక్కి చూశారు, చెయ్యెత్తించారు. "ఏమ్మా అమలమ్మా, నీ రాత నమ్మి కదా నేను వైద్యం చేసేది?" అని అందరి ముందూ అరిచారు. ఆవిడ నా కట్టు విప్పి, పట్టీని నెమ్మదిగా చుట్ట చుట్టి, "ఇక రానక్కర్లేదులేమ్మా," అన్నారు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. నేనేమో చేతులూపుకుంటూ బయటికొచ్చాను. ఛీ, ఏం పిల్లనో!

మర్నాడు అమ్మ నాకు జడ వేస్తుంటే, అన్నం సయించడం గురించి ఆవిడన్న మాట గుర్తొచ్చింది. ఇక మనసు నిలవలేదు. ముఖం చెల్లక నాలుగు రోజులాగి, నాన్నకు చెప్పకుండా వెళ్లాను. అందరూ వెళ్లిపోయేదాకా బల్ల మీదే కూర్చున్నాను. ఆఖర్న ఎవరో కొత్తాయన పిలిచాడు. అమలమ్మ గారిని నా కట్టు విప్పిన రోజే పనిలోంచి తీసేశారట. గది కూడా ఖాళీ చేసిందట, ఎటు పోయిందో ఎవరికీ తెలియదట.

ఆయన నా ఎముక మీద నొక్కి, "నొప్పా?" అన్నాడు.

"ఉందండీ," అన్నాను.