ఖాళీగా తిరిగి వెళ్ళని గిన్నె

అమెరికాలో మేముండే ఊరు మా కౌంటీకి, అంటే జిల్లాకి, ముఖ్యపట్టణం. ఆ మాట వింటే మనవాళ్ళు పెద్ద ఊరనుకుంటారు. ఉన్నది ఒకే వీధి. వీధి చివర నాలుగు స్తంభాల కోర్టు, దాని వెనక జైలు, ఎదురుగా పెట్రోలు బంకు. మూడు వైపులా పైన్ చెట్ల కొండలు, నాలుగో వైపు కనుమ దారి. చలికాలంలో ఆ దారి మీద మంచు తోయించి తెరిచి ఉంచడమే హైవే శాఖలో నా ఉద్యోగం. రిటైరై చాలా ఏళ్ళయినా, ఇప్పటికీ డైరీలో మొదటి వాక్యం దారి గురించే రాస్తాను. తెరిచి ఉంది, లేదా మూసి ఉంది. మిగతా సంగతులన్నీ ఆ తర్వాతే.

మా ఆవిడ మొన్నమొన్నటిదాకా కోర్టులో పనిచేసింది. పెళ్ళి లైసెన్సులు, పుట్టిన కాగితాలు, చనిపోయిన కాగితాలు ఇచ్చే కిటికీ ఆమెది. ఈ కొండల్లో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆమె ఇచ్చిన కాగితం ఏదో ఒకటి ఉంటుంది. నన్ను నా పేరుతో ఎరిగినవాళ్ళు తక్కువ. కిటికీ ఆవిడ మొగుడంటే అందరికీ తెలుసు.

ఈ వేసవి చివర ఆమెకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత కోలుకున్నాయి. ఇంగ్లీషు తిరిగి రాలేదు. ఎదుటివాళ్ళు చెప్పేది చాలావరకు తెలుస్తుంది. తను నోరు తెరిస్తే మాత్రం తెలుగే వస్తుంది. ఆస్పత్రిలో నర్సు పేరడిగితే, “ఇందాకట్నించీ చెప్తూనే ఉన్నాగా అమ్మాయ్, చెవుడా?” అంది. నర్సు నా వైపు చూసింది. ఆ రోజు నుంచి అందరూ నా వైపే చూస్తున్నారు. మా ఊళ్ళో తెలుగు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

కనుమ అవతల, శాన్ రామన్‌లో ఉండే మా అమ్మాయి రోజూ ఫోన్ చేసేది.

“నాన్నా, ప్లీజ్, నువ్వు లిజన్ చెయ్యి. ఇక్కడ తెలుగు మాట్లాడే స్పీచ్ థెరపిస్ట్ దొరికింది. నా స్ట్రీట్‌లోనే ఎంతమంది తెలుగు ఆంటీస్ ఉన్నారో తెలుసా? అక్కడ అమ్మ ఎవరితో మాట్లాడుతుంది?”

“నాతో మాట్లాడుతుంది.”

“నీతో ఎప్పుడు మాట్లాడింది నాన్నా? నీతో ఫైట్ చేస్తుంది, అంతే.”

స్పీకర్లో ఇదంతా విన్న మా ఆవిడ, “నేను రానని చెప్పండి దానికి. నా వాళ్ళందరూ ఇక్కడుంటే అక్కడికొచ్చి ఏం చెయ్యను?” అంది.

ఇద్దరి మాటా నిజమే. మంచు పడేలోగా ఏదో ఒకటి తేల్చవలసింది నేను. కనుమ మూసుకుపోతే అంబులెన్సు కూడా దాటలేదు. ఆ సంగతి నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక ఇంట్లో జబ్బు చేస్తే ఊరు వండి పెడుతుంది. తలుపు కూడా కొట్టరు. వరండాలో గాజు గిన్నె పెట్టి వెళ్ళిపోతారు. గిన్నె అడుగున టేపు మీద పేరుంటుంది, కడిగి తిరిగి ఇచ్చెయ్యాలి. మేం మాంసం తినమని తెలుసు కనుక చీజు వేసిన మాకరోనీ తెచ్చేవారు. నేను గిన్నెలు కడిగి తీసుకెళ్ళబోతుంటే మా ఆవిడ మంచం మీద నుంచి కేకేసింది.

“ఏవండీ, ఖాళీ గిన్నె ఇస్తారా ఎవరైనా?”

“ఏం పెట్టమంటావు? నాకు వంటొచ్చా?”

“పిడికెడు పంచదారయినా వెయ్యండి. మరీ అంత చేతకాదా?”

గిన్నెకో పిడికెడు పంచదార వేసి, పైన కాగితం చుట్టి, ఎవరి వరండాలో వాళ్ళకి పెట్టి వచ్చాను. ఊళ్ళోవాళ్ళు దాన్నెలా అర్థం చేసుకున్నారో తర్వాతి వారం తెలిసింది. మాకరోనీ ఆగిపోయింది. ఆపిల్ పైలు, చెర్రీ కేకులు వరసగా రావడం మొదలుపెట్టాయి. మాకు తీపి మీదకి మనసు పోయిందని, నోటితో అడగలేక ఇలా తెలియజేశామని అనుకున్నారట. నాకేమో షుగరు. మా ఆవిడ నా మొహం చూసి కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

కోర్టులో ఆమె పక్క కిటికీలో పన్నుల కాగితాలు చూసిన స్నేహితురాలు ప్రతి గురువారం వచ్చేది. ఇన్నేళ్ళూ పేరు పెట్టి పిలిచిన మనిషిని ఇప్పుడు మా ఆవిడ వదినా అంటోంది.

“రా వదినా. నా కిటికీలో ఆ కొత్త పిల్ల ఏం చేస్తోంది? ఇంకా గోళ్ళే చూసుకుంటోందా?”

నేను ఇంగ్లీషులో చెప్పాను. స్నేహితురాలు నిట్టూర్చింది. “కిటికీ దగ్గరకొచ్చినవాళ్ళందర్నీ వెబ్‌సైటు చూసుకోమంటోంది. నిన్న ఒక పెళ్ళికొడుకునీ అలాగే పంపేసింది.”

“దాని మొహం! పెళ్ళికూతుర్ని కూడా అందులోనే వెతుక్కోమనాల్సింది.”

నేను మళ్ళీ నోరు తెరిచేలోగా స్నేహితురాలు చెయ్యి అడ్డం పెట్టింది. “నువ్వు కాసేపు బయటికెళ్ళి నీ రోడ్డు ఎలా ఉందో చూసుకుని రా. మాకు తెలుస్తోందిలే.”

వెళ్ళి వరండాలో నిలబడ్డాను. లోపల ఒకరిది తెలుగు, ఒకరిది ఇంగ్లీషు, మధ్యమధ్య ఇద్దరి నవ్వూ. ఇక్కడే ఉండిపోదామని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

కొద్ది రోజులకే ఒక ముసలాయన వచ్చాడు. కలప కోతమిల్లులో పనిచేసి రిటైరైన మనిషి, కొండ మీద ఉంటాడు. భార్య పోయింది. ఆ కాగితం కోసం కోర్టుకి వచ్చి, కిటికీలో మా ఆవిడ లేకపోతే ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మా ఆవిడ బాగున్న చేత్తో అతని చెయ్యి పట్టుకుంది.

“పుణ్యాత్మురాలు నాయనా. పసుపు కుంకుమలతో వెళ్ళిపోయింది. మొగుడి చేతుల మీదుగా పోవడం ఎందరికి దక్కుతుంది? అదృష్టవంతురాలు.”

అతను నా వైపు చూశాడు.

నీకంటే ముందు నీ భార్య పోవడం అదృష్టమంటోందని ఎలా చెప్పను? మన ఇళ్ళల్లో ఆ మాట విని తేరుకున్నవాళ్ళను చూశాను. ఇక్కడ, ఈ మనిషికి, ఆ మాట తిట్టులా తగలదూ?

“చాలా బాధగా ఉందంటోంది” అన్నాను.

మా ఆవిడకి తెలిసిపోయింది. “నేనన్నది అది కాదు. సరిగ్గా చెప్పండి.”

“చెప్పాను.”

“చెప్పలేదు.”

అతని వైపు తిరిగి, పలుకు పలుకూ విడదీసి, గట్టిగా మళ్ళీ అదే మాట చెప్పింది. తర్వాత ఇంగ్లీషు కోసం పెదవులు కదిపింది. మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ముసలాయన బెదిరినట్టు లేచి, ఆమె భుజం తట్టి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. చాలాసేపు ఆ చివరి మాటే అంటూ ఉండిపోయింది. అదృష్టవంతురాలు, అదృష్టవంతురాలు. ఎవరి గురించని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మర్నాడు అమ్మాయికి ఫోన్ చేసి వచ్చి మా ఇద్దర్నీ తీసుకెళ్ళమన్నాను. అక్కడైతే ఆమె మాట నా మీదుగా పోనవసరం లేదు. మా ఆవిడకి చెబితే పోట్లాడలేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

బయల్దేరే పొద్దున స్నేహితురాలు వచ్చి కారు పక్కన నిలబడింది. వెనక సీట్లో మా ఆవిడ ఒళ్ళో గాజు గిన్నె ఉంది. అడుగున ఉన్నది ఆ స్నేహితురాలి పేరే.

“అమ్మా, అది ఆంటీది కదా. ఇచ్చెయ్యి” అంది అమ్మాయి.

“ఖాళీగానా? ఏదైనా వేసి నేనే తెచ్చిస్తాలే.”

వంటిల్లు అంతకు ముందురోజే సర్దేశాను. చిటికెడు పంచదార కూడా మిగల్లేదు. ఈసారి ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఖాళీ గిన్నె ఇవ్వదట, ఏదైనా వేసి తనే తెచ్చి ఇస్తుందట.

స్నేహితురాలు కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి గిన్నె అంచు పట్టుకుంది. కాసేపటికి వదిలేసింది.

“ఎప్పుడు?” అంది.

మా ఆవిడ నా వైపు చూసింది. స్నేహితురాలూ నా వైపే చూసింది. నేను ముందు సీట్లోంచి దారి వైపు చూశాను. అమ్మాయి కారు కదిలించింది.

కనుమ దారి తెరిచే ఉంది.