రెండు ముళ్ల పేలిక

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే బస్సులో, పక్కన కూర్చున్న నా ఈడు ఆవిడ తన సంచిలోంచి చీరపేలిక తీసింది. దానికి రెండు ముళ్లున్నాయి.

"గీ ముడికి గా ముడికి నడుమ ఉన్నది నా మేక రొమ్ము సుట్టుకొలతన్నా. సచ్చినంక నేనే కొలిచిన," అంది. "కడుపుల పురుగులకు నట్టల మందు పోసెటాయన టేపు కడుపు సుట్టు తిప్పిండు. అది సూడిది, కడుపుల పిల్లలున్నయి. ముందుకాళ్ల ఎనక కొలువయ్యా అంటే, నాకే నేర్పుతవా అన్నడు. బరువు ఎక్కువ తేలింది, మందు ఎక్కువ తాపిండు. దవాఖానల పెద్దసారును అడుగుత. గీ కొలతకు ఎంత బరువుంటదో ఎవలన్న చెప్తె బాగుండు."

ఆ లెక్క నాకు నోటికి వచ్చు. పశువుల దవాఖానలోనే రిటైరయ్యాను. ఆయన టేపన్నా తీశాడు. నేను అదీ తీయకుండా, కంటితో చూసి బరువు రాసేవాణ్ణి. చెబితే నీకెట్ల తెలుసని అడుగుతుందని ఊరుకున్నాను.

ఎల్లారెడ్డిలో ఆమె పేలిక మడిచి దిగిపోయింది.

ఆనాటి నా డైరీలో బస్సు టైముల కింద "పేలిక ఇరవై ఎనిమిది అంగుళాలు" అని ఉంది. అదీ కంటితో చూసి రాసిందే. ఆ పేజీ తిప్పినప్పుడల్లా నా మీద నాకే ఒళ్లు మండుతుంది.