మూడో సర్వరు చురుకుదనం

ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు వెనక, దూదిపింజలు ఎగిరివచ్చి పేరుకునే రేకుల గదిలో మూడు సర్వర్లు ఉండేవి. వాటి యోగక్షేమాలు విచారించే మహత్కార్యం కోసిగి ఊరివాడైన జోయల్‌కు అప్పగింపబడింది. పాలిటెక్నిక్ చదివి, బెంగళూరులో కొన్నాళ్ళు ఎవరి కంప్యూటర్లకో ఊడిగం చేసి, అక్కడి గదిలో ఆరుగురితో పడుకోవడం కంటే ఇక్కడి గదిలో మూడు యంత్రాలతో కూచోవడం మేలని తిరిగొచ్చినవాడు.

యజమాని వెంకోబారావు. మాధవరం మనిషి, రిటైరైన లెక్చరరు. ఏటా పంటకోతలయ్యాక కోసిగి జనం లారీలెక్కి గుంటూరు మిరపకోతలకు పోవడం చూసి చూసి ఆయన మనసు విరిగింది. ఆ విరిగిన మనసులోంచే ‘పనిపిలుపు’ అనే ఫోన్ యాప్ పుట్టింది. ఆదోని, ఎమ్మిగనూరు మిల్లులవాళ్ళు తమకెంతమంది కూలీలు కావాలో అందులో పెడతారు. ఊళ్ళలోవాళ్ళు ఫోన్లో వెతుక్కుని, పేరు నమోదు చేసుకుని, వలసపోకుండా ఇక్కడే పనికి కుదురుతారు. ఎందరో మహానుభావులు ఉపన్యాసాలతో ఆపలేకపోయిన లారీలను మూడు పాత కంప్యూటర్లతో ఆపబూనిన ఆయన గుండెధైర్యం సామాన్యమైనది కాదు.

జోయల్‌కు ఇది ఉద్యోగం మాత్రమే కాదు. ఆ లారీల్లో ఒకదానిమీద అతని భార్య సునీత ఎక్కేది. వాళ్ళ కాపురం వానాకాలపు పంటలాంటిది. చినుకులతో మొదలై కోతలతో ముగిసేది. మిగతా ఏడాది ఫోన్లో బతికేది.

“ఈ యేడు లారీ ఎక్కొద్దు మే,” అన్నాడు జోయల్. “పని ఫోన్లోనే దొరుకుతాది.”

“దొరికితే నేనేంటికి ఎక్కుతాను? మిరపఘాటంటే నాకేమన్నా సంబరమా?” అంది సునీత.

మిల్లు పక్కనే ఉంటూ పెళ్ళానికి ఒక పని ముందే అడిగిపెట్టుకోవచ్చు కదా అని లోకం అడగవచ్చు. అడగకూడదు. ఉద్యోగంలో చేరిన రోజే వెంకోబారావు, తనవాళ్ళకు పనులు దాచిపెట్టనని జోయల్ చేత బైబిలు మీద చెయ్యివేయించాడు. తాను రాఘవేంద్రస్వామి పటం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. రెండు మతాల మధ్య ఇరుక్కున్న ఆ ప్రమాణం సడలడానికి చోటే లేకపోయింది.

ఇక సర్వర్ల సంగతి. మూడింటిలోనూ ఒకటే సమాచారం ఉంటుంది. వెతుకుతున్న జనాన్ని మూడింటికీ పంచడానికి ముందొక ప్రోగ్రాము కూచుంటుంది. జోయల్ దానికి ‘మేస్త్రి’ అని పేరు పెట్టుకున్నాడు. మొదట్లో మేస్త్రి వంతులవారీగా పంచేవాడు. ఒకరు దీనికి, ఒకరు దానికి, ఒకరు మూడోదానికి. మూడోది సెకండ్‌హ్యాండుది. దాని వంతుకు వచ్చినవాళ్ళు టీ తాగి వచ్చినా జవాబు వచ్చేది కాదు. అందుకని జోయల్ కొత్త చట్టం చేశాడు: ఎవరు త్వరగా ముగిస్తే తర్వాతి పని వాళ్ళకే. ఇందులో లోపం వెతకడం ఎవరి తరం?

లోపం మర్యాదలోంచి వచ్చింది. వెంకోబారావు ఇంట్లో గడపలోకి వచ్చినవాళ్ళతో అపశకునపు మాట అనరు. చక్కెర నిండుకున్నా, మనిషి మంచంలో ఉన్నా ‘అంతా దేవుడి దయ’ అనే అంటారు. ఒకసారి ఫోన్లో ‘సర్వరు విఫలమైంది’ అన్న మాట చూసి ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు.

“ఏమప్పా జోయల్, పని అడిగేదానికి వచ్చినోళ్ళ మొహాన ఇట్లాంటి మాట కొడతారా? ఏం జరిగినా శుభంగా చెప్పాల.”

జోయల్ శుభంగానే రాశాడు. సర్వరుకు ఏ రోగమొచ్చినా సరే, ‘మీ వెతుకులాట సుఖంగా ముగిసింది. వివరాలు త్వరలో’ అంటుంది. మేస్త్రికి కూడా అదే కబురు పోతుంది: ముగిసింది, సుఖంగా.

మిల్లుల పనులు పనిపిలుపులో తెరిచింది ఒక ఆదివారం ఉదయం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు జనమంతా ఒక్కసారి ఫోన్ల మీద పడ్డారు. ఆ భారానికి మూడో సర్వరు డిస్కు కాలం చేసింది. చచ్చినవాడికి వెతికే పని లేదు గనుక రెప్పపాటులో జవాబిచ్చాడు: సుఖంగా ముగిసింది. మొదటి రెండూ పాపం నిజంగా వెతుకుతూ ఆయాసపడుతున్నాయి. మేస్త్రి చూశాడు. చురుకైనవాడు మూడోవాడే. వచ్చినవాళ్ళను వచ్చినట్టు ఆ శవం దగ్గరికే తోలాడు.

రేకుల గదిలో సర్వర్ల ఆరోగ్యం చూపే తెరమీద గీతలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. వెంకోబారావు కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు.

“చూడప్పా, మూడోది ఎట్ల దూకుతాందో. పాతదని చులకన చేసినాము.”

“అవును సార్,” అన్నాడు జోయల్ గర్వంగా.

అప్పుడే సునీత ఫోను చేసింది.

“సుఖంగా ముగిసిందంటాంది. ఏం ముగిసింది?”

“మళ్ళా కొట్టి చూడు.”

“కొట్టి కొట్టి వేలు నొస్తాంది. తిమ్మక్క ముఠా అంతా కొడతాండారు. అందరికీ సుఖమే.”

“సిగ్నలు లేదేమో మే. ఈడ అన్నీ పచ్చగా ఉండాయి.”

“ఈడ లారీ వచ్చి నిలబడింది.”

“రోంతసేపు ఆగమను.”

ముఠా పెద్ద తిమ్మక్క గొంతు వెనకనుంచి వినబడింది: “ఆగేదానికి అది మీ మామ లారీ కాదప్పా.”

జోయల్ పచ్చగీతల్ని ఇంకాసేపు నమ్మాడు. నమ్మకం గల కుటుంబంలో పుట్టినవాడు. ఎంతకీ మనసు ఒప్పక తన ఫోన్లో తానే వెతికాడు. వెతుకులాట సుఖంగా ముగిసింది. ఇంకోసారి. ఇంకా సుఖంగా. జవాబులన్నీ మూడో సర్వరు నుంచే వస్తున్నాయని అప్పుడు గమనించి, లేచి దాని తీగ పీకాడు. దాని పచ్చగీతలు ఎర్రబడ్డాయి. వెంకోబారావు ‘రామ రామ’ అన్నాడు. ఆ పొద్దు మొత్తంలో నిజం చెప్పింది ఆ ఎరుపొక్కటే.

ఫోను చేస్తే సునీత ఎత్తలేదు. జోయల్ బండి తీసి ఎమ్మిగనూరు దారి పట్టాడు. కోసిగి లారీలు ఆ ఊళ్ళో టీకి ఆగుతాయని అతనికి తెలుసు. చిన్నప్పుడు అమ్మానాన్నల నడుమ అలాంటి లారీలోనే కూచుని పోయినవాడు.

లారీ ఆగే ఉంది. సునీత టైరు పక్కన నిలబడి టీ తాగుతోంది.

“దిగు మే. మిల్లులో పనులుండాయి. చెడింది మిషను. బాగుచేసినాను.”

“దిగే ఉండాను గదా,” అంది సునీత. “చూపియ్యి.”

తిమ్మక్క గ్లాసు పట్టుకుని దగ్గరికొచ్చింది. “నాకూ చూడప్పా జోయలూ. పన్నుంటే నా సంచి కూడా దించుతాను. నాకేం గుంటూర్లో చుట్టాలుండారా?”

జోయల్ ఫోను తీసి ఊరు కొట్టాడు, పని కొట్టాడు, ‘వెతుకు’ నొక్కాడు. ఈసారి తెరమీద చక్రం తిరిగింది. తిరగడం చూసి అతనికి ప్రాణం లేచొచ్చింది. వెతుకుతోందన్నమాట, నిజంగానే.

జవాబు వచ్చింది. ఆదోని: ఖాళీలు లేవు. ఎమ్మిగనూరు: ఖాళీలు లేవు. పొద్దున్నుంచి ఫోన్లో పట్టుమని పదిమందైనా నమోదు కాకపోయేసరికి మిల్లులవాళ్ళు విసుగుపుట్టి, గేటు దగ్గరికి ట్రాక్టర్లలో జనాన్ని తెచ్చిన ముఠాదార్లకు పనులన్నీ ఇచ్చేసి, తలుపులు మూసుకున్నారు. ఆ సంగతి కూడా పనిపిలుపులో తప్పు లేకుండా నమోదై ఉంది.

సునీత తలవంచి తెర చదివింది.

“ఇప్పుడు బాగ పన్జేస్తాంది,” అంది. ఎగతాళి కాదు. భర్త చేతిపని బాగుంటే బాగుందనే మనిషి.

“వచ్చే యేడు...” అన్నాడు జోయల్.

“బువ్వ వండుకుని తిను. హోటల్లో తిని కడుపు చెడగొట్టుకోవద్దు,” అంది ఆమె.

డ్రైవరు హారన్ కొట్టాడు. సునీత గ్లాసు అతని చేతికిచ్చి, టార్పాలిను నీడలో తన చోటు ఎవరూ ఆక్రమించకముందే గబగబా ఎక్కింది.