తేలు తీసిన మా వదిన

మా వదిన పోయింది. పోయిన గురువారం పొద్దున, మూసీ ఒడ్డున ఉన్న పెద్ద దవాఖానలో, టైఫాయిడ్ జ్వరం తిరగబెట్టి ప్రాణం విడిచింది. ఆమెను మీలో చాలామంది ఎరగరు. నాంపల్లి స్టేషన్ వెనక సందులోకి వచ్చి మా అన్న పేరు చెబితే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. వదిన పేరు చెబితే "ఎవరామె?" అని మిమ్మల్నే తిరిగి అడుగుతారు. చావు కబురు కూడా అట్లాగే వెళ్లింది, "వకీల్ సాబ్ ఇంట్ల పోయిన్రట" అని. ఇక్కడైనా పేరు రాద్దామనుకున్నాను. ఆడవాళ్ల పేర్లు పత్రికలకు ఎక్కించొద్దని అన్న గట్టిగా చెప్పాడు. సరే, వదిన అనే రాస్తాను.

పరామర్శకు వచ్చినవాళ్లతో మూడోనాడు మా ముందుగది నిండిపోయింది. అందరూ అన్న స్నేహితులే, కోర్టు వాళ్లు, అబిడ్స్ హోటల్లో చాయ్ తాగేవాళ్లు. ఏం మాట్లాడాలో తోచక వాళ్లలో ఒకాయన పాత కారు సంగతి ఎత్తాడు. "ఏం దినాలవి వకీల్ సాబ్! కారు పనంత ఇంట్లనే, మీ చేతులతోనే చేసుకునేటోరు." అన్న నిట్టూర్చాడు. "ఔ. గేర్ల నూనె నేనే మార్చేటోణ్ణి. ఆమె పాపం పక్కన నిలవడి గిన్నె అందిచ్చేది."

తలుపు వెనక నేను విన్నాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే. గిన్నె అందించింది నేను. కింద పడుకొని నూనె మార్చింది వదిన. మా అన్న ఆ సమయాల్లో అబిడ్స్‌లో చాయ్ తాగుతుండేవాడు.

జాగీర్లు రద్దయిన కొత్తలో పెద్ద దేవిడీల, నవాబు మేడల వాళ్లు చాలామంది సామాను అమ్ముకున్నారు. అట్లాంటి ఒక ఇంటినుంచి అన్న ఆ ఇంగ్లీషు కారు కొన్నాడు. దాన్ని నడుపుకుంటూ ఆ ఇంటి పాత డ్రైవరు ఉస్తాద్ వచ్చాడు. నెరిసిన గడ్డం, తల ఎత్తి ఆడవాళ్లను చూడని మర్యాద. బండిని వాకిట్లో నిలబెట్టి, ఇంట్లోకి వినబడేటట్టు "బీబీ, గేర్ కా తేల్ నికాల్నా హై, పాత గిన్నె ఇవ్వండి" అన్నాడు.

వదిన అప్పటికి భువనగిరి వైపు పల్లెనుంచి కాపురానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఉర్దూ ముక్క రాదు. గిన్నె బదులు చీపురూ చెప్పూ పట్టుకొని బయటికి ఉరికింది.

"యాడుంది తేలు? కార్ల తేలు పట్టుకొచ్చినవా?"

ఉస్తాద్ నవ్వి నవ్వి మెట్టు మీద కూలబడ్డాడు. "తేల్ అంటే నూనె, బీబీ. కుట్టదు."

ఆ రోజునుంచి మా ఇంట్లో ఆ పనికి అదే పేరు. గేర్ డబ్బాలో నూనె మార్చాల్సి వస్తే "ఈ ఐతారం తేలు తీయాలె" అనేది వదిన. ఉస్తాద్ మా ఇంట్లో పనిలో ఉన్నన్నాళ్లు దగ్గర నిలబడి పని చూసింది, అడిగింది, చివరికి తానే కిందికి దూరింది. అతను బొంబాయిలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాక బండి ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చింది. బయటి మిస్త్రీలు సామాను మార్చేస్తారని అన్నకు అనుమానం. తాను చేద్దామంటే చొక్కా నల్లబడుతుంది. "నేను జేస్త" అన్నది వదిన. "గేటు పెట్టుకొని చేయి" అన్నాడు అన్న.

ముందుగా బండి కాస్త నడవాలి. చల్లబడితే ఆ నూనె పాకంలా గట్టిగా ఉండి కదలదు. వదిన వాకిట్లోనే ముందుకూ వెనక్కూ తిప్పేది. పలకల మీదికి చక్రాలెక్కించి, ఇటుకలు అడ్డం పెట్టి, కొంగు నడుముకు చుట్టి గోనెపట్టా మీద కిందికి జరిగేది. మొదట గేర్ డబ్బా పక్కనున్న పై బిరడా విప్పేది. అది నూనె నింపే దారి. అది ఊడివచ్చాకే అడుగున ఉన్న ఒంపే బిరడాకు పానా వేసేది. పైది బిగుసుకుపోయి రాకపోతే, ఉన్న నూనె ఒంపుకొని కూర్చోవలసి వస్తుందని ఉస్తాద్ నేర్పిన జాగ్రత్త. నల్లటి నూనె గిన్నెలో పడుతుంటే వేలికి రాసుకొని వెలుతురుకు పెట్టి చూసేది. అందులో పొడి మెరిస్తే గేర్ల పళ్లు అరిగినట్టు.

"మీ అన్న క్లచ్ సగమే తొక్కి గేరు గుంజుతున్నడు. జర కోపమున్నదేమో కోర్టుల" అనేది కిందినుంచి. మొగుడి కోపం ఆమెకు నూనెలో కనిపించేది.

కొత్త నూనె డబ్బాను స్నానాల కాగులో వేడినీళ్లలో ఉంచేవాళ్లం. పలచబడ్డాక కారు లోపలి నేల పలక ఎత్తి, ఒక పాత ఎనిమా డబ్బాలో పోసి, దాని రబ్బరు గొట్టంతో పైనుంచి దింపేవాళ్లం. డబ్బా పట్టుకోవడం నా వంతు. బిరడా కన్నంలోంచి నూనె పొర్లగానే "చాలు!" అని అరిచేది. ఆ కంపు శీకాయతో రుద్దినా జుట్టును వదలదు. అందుకని తేలు తీసిన రోజు అమ్మ ఆమెను వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. వదిన ఆ శిక్షను హాయిగా అనుభవించేది. ఏడాదిలో ఆమెకు దొరికే సెలవు అదే.

నింపే దారి చూసుకోకుండా ఒంపకూడదన్న మాటను ఆమె అన్నింటికీ వాడేది. అబిడ్స్‌లో ఆడపిల్లల బడిలో నాకు పని దొరికిన రెండో ఏడు, పెళ్లి కావాలంటే ఉద్యోగం మానాలన్నాడు అన్న. అన్నం వడ్డిస్తున్న వదిన చెయ్యి ఆపింది.

"ఉద్యోగం ఒంపేస్తే పిల్లను ఏంతోని నింపుతరు? సంబంధం చూసిన్రా? లేదు గద. నింపే తొవ్వ చూపిచ్చినంక అడుగున్రి."

అన్న పప్పు కలుపుకున్నాడు. నేను ఈరోజుకీ ఆ బడిలోనే పాఠం చెబుతున్నాను. నా అన్నం నేను తింటున్నానంటే అది ఆమె పెట్టిన అన్నమే.

నా కోసం అంత గట్టిగా అడిగిన మనిషి తన కోసం అడిగింది ఒక్కటే. కారు నడపాలి. చీరలు, నగలు ఏనాడూ అడగలేదు. పబ్లిక్ గార్డెన్ దాకా ఒక్కసారి నడపనివ్వమని అడిగింది, పండుగకొకసారి, ఆయన మంచిగా ఉన్న పూట చూసుకొని.

"ఆడోళ్లు బండి నడిపితే నేను బజార్ల తల ఎట్ల ఎత్తుకోవాలె?" అనేవాడు అన్న.

"కిందికి దూరినప్పుడు పోని పరువు, మీద కూసుంటె పోతదా?"

"కింద ఉన్నప్పుడు ఎవ్వరు చూడరు."

ఈ మాట నేను చెవులారా విన్నాను. అన్న కోపంగా కూడా అనలేదు, లెక్క చెప్పినట్టు చెప్పాడు. వదిన మళ్లీ పండుగదాకా అడగలేదు.

ఒక వానకాలం ఐతారం. నూనె మొత్తం ఒంపేశాం. కొత్తది కాగులో ఉంది. వంట తనమీద పడ్డ విసుగులో అమ్మ ప్రహరీ గోడ అవతల ముసలామెతో "ఇయ్యాల మా కోడలు తేలు తీస్తది, వంట నా నెత్తినే పడ్డది" అన్నదట. కాసేపటికి ఆ ముసలామె గేటు బాదింది. ఆమె వెనక ఇద్దరు ఆడవాళ్లు ఆమె కోడల్ని రెక్కలు పట్టుకొని మోసుకొచ్చారు. కట్టెల్లో చెయ్యి పెడితే ఎర్రతేలు కుట్టింది. ఒళ్లంతా చెమటలు, పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"ఓ వకీలమ్మా, మీ కోడలు తేలు తీస్తదంటివి గద! జర మంత్రమేయమను, నీ కాళ్లు మొక్కుత!"

వదిన బండి కిందినుంచి మొహం బయటపెట్టింది. ముక్కు మీద నల్లటి నూనె. ఒక్క చూపు చూసింది. మంత్రం రాదని చెప్పి వాదిస్తూ కూర్చోలేదు.

"దవాఖానకు తీస్కపోత. డబ్బా పట్టుకరా, జల్ది!" అన్నది నాతో.

అంత తొందరలోనూ వరస తప్పలేదు. ఒంపే బిరడా బిగించింది, నూనె పోయించింది, పొర్లేదాకా ఆగింది, పై బిరడా బిగించింది. ముసలామె "మంత్రం కానియ్యి తల్లీ" అని ఏడుస్తూనే ఉంది. ఆమెకు ఆ నూనే మంత్రం అనిపించి ఉంటుంది. ఇటుకలు తీసి గేటు బార్లా తెరిచాను. కుట్టించుకున్న పిల్ల తల నా ఒళ్లో పెట్టుకొని వెనక కూర్చున్నాను.

వాకిట్లో వదిన తిప్పింది మొదటి గేరూ రివర్సూ మాత్రమే. రెండో గేరు ఆమె చేతికి మొదటిసారి అందింది నాంపల్లి రోడ్డు మీదే. పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుస్తున్నదేమో అనుకున్నాను. వంగి వింటే ఉస్తాద్ పాఠం: క్లచ్ పూర్తిగా తొక్కాలి, గేరు వెయ్యాలి, మెల్లగా వదలాలి. గేరు పడగానే నావైపు సగం తిరిగి "ఎంత మెత్తగ పడ్డది చూసినవా!" అన్నది. ఒక మనిషి ప్రాణం కోసం పోతున్నాం, అయినా ఆమె మొహంలో అంత సంతోషం నేను ముందూ వెనకా చూడలేదు.

అబిడ్స్ చౌరస్తాలో పోలీసు ఆమెను చూసి నోరు తెరిచి, రిక్షాలన్నీ ఆపి దారి ఇచ్చాడు. ఆ పక్కనే హోటలు. వరండాలో అన్న, చుట్టూ ఆయన మిత్రబృందం. సొంత చేతులతో కారు పని చేసుకుంటాడని పేరుపడ్డ పెద్దమనిషి ముందునుంచే ఆయన కారు పోయింది, నూనె మొహంతో ఆయన భార్య నడుపుతూ. వదిన రోడ్డు తప్ప ఏదీ చూడలేదు. నేను చూశాను.

దవాఖానలో సూది వేశారు. పొద్దుగూకేసరికి పిల్ల కళ్లు తెరిచి నీళ్లడిగింది.

మేం ఇంటికి వచ్చేసరికి అన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. పిల్ల ఎట్లా ఉందని అడగలేదు.

"నలుగుట్ల నా పరువు తీసినవ్. డ్రైవర్‌ను పెట్టుకున్నవా వకీల్ సాబ్ అని నవ్విన్రు. రిక్షా దొరకలేదా?"

"ఆ పిల్ల బతికింది" అన్నది వదిన. "రిక్షాల పోతె బతకకపోతుండె."

అన్న చెయ్యి చాచాడు. ఆమె తాళంచెవి ఆ చేతిలో పెట్టింది.

మర్నాటినుంచి ఒక డ్రైవరు వచ్చాడు. బండిని తాకవద్దని వదినకు ఆజ్ఞ. ఆ డ్రైవరు తుడవడం తప్ప మరో పని ఎరగడు. రెండేళ్లు నూనె ముఖం చూడని గేర్లు గేటు దగ్గరే మూలుగుతుంటే వదిన వంటింట్లోంచి విని నాతో, అమ్మతో చెప్పి పంపేది, నూనె మార్చమని. "కోడలికేం దెల్సు, కూర మాడకుంట చూసుకొమ్మను" అని జవాబు వచ్చేది. చివరికి లక్డీకాపూల్ ఎత్తు మీద గేర్ డబ్బా పగిలి బండి ఆగిపోయింది. పాతసామాన్ల వాడు ఎద్దులతో లాక్కుపోయాడు. ఆ సాయంత్రం అన్న ముందుగదిలో స్నేహితులకు చెప్పాడు, "ఆనాడు ఆడమనిషి చెయ్యి పడ్డది, ఆడికెల్లే ఖరాబైంది" అని. వదిన లోపల జొన్నపిండి పిసుకుతోంది. విన్నది. ఆ పూట రొట్టెలు మందంగా, అంచులు పగిలి వచ్చాయి. అన్న వాటికీ వంక పెట్టాడు.

తర్వాత ఆమె నోట తేలు మాట రాలేదు. చుట్టుపక్కల వాళ్లు మాత్రం వదల్లేదు. మంత్రంతోనే పిల్ల బతికిందని ముసలామె నాంపల్లి అంతా చాటింది. ఎక్కడ తేలు కుట్టినా మా గేటుకు వచ్చేవారు. "దవాఖానకు పోన్రి, మీకు దండం పెడ్త" అని వదిన మొత్తుకునేది. మొన్న శవం లేచే ముందు ఆ బతికిన పిల్ల వచ్చి, పాదాలు పట్టుకొని గుండెలవిసేలా ఏడ్చింది. వెళ్తూ నన్ను పక్కకు పిలిచి అడిగింది: "అక్కా, ఆ మంత్రం ఎవరికన్న చెప్పి పోయిందా?" స్పృహ తప్పి వచ్చిన పిల్ల, ఆమెకు కారు సంగతి ఏం తెలుసు? నాకు ఆమె మీద కోపం రాలేదు. మిగిలిన అందరి మీదా వచ్చింది, ఇంకా ఉంది.

బుధవారం మధ్యాహ్నం దవాఖానలో జ్వరం ఒళ్లెరగకుండా కాసింది. వదిన ఎవరినీ గుర్తుపట్టడం లేదు. ఉన్నట్టుండి ఆమె ఎడమకాలు దుప్పటిని కిందికి తొక్కింది, మెల్లగా వదిలింది. మంచం పక్కకు జారిన ఎడమచెయ్యి ముందుకు తోసింది. మళ్లీ కాలు పూర్తిగా కిందికి. సగం కాదు, పూర్తిగా. చెయ్యి వెనక్కి లాగింది. పెదవుల మీద సన్నగా నవ్వు. "వాతం కమ్మినట్టుంది, జర గట్టిగ పట్టుకోన్రి" అన్నది నర్సు. అన్న లేచి వచ్చి, రెండు చేతులతో ఆ పాదాన్ని పరుపుకు అదిమి పట్టాడు. కాలు ఆగిపోయింది. చెయ్యి మాత్రం ఇంకా గాలిలో గేరు కోసం వెతుకుతూనే ఉంది.