కోపం మొహానికి తగిలించిన క్లిప్పు

పసిమనసులు పూలరేకులని ఎవరైనా అంటే చిన్నక్లాసు టీచరు వాదించదు. చెయ్యి చాపి పళ్ళగాట్లు చూపిస్తుంది. బ్యాంకు పరీక్షలు రాసి రాసి విసిగి, నాలుగు నెలల కోసమని ఈ బడిలో చేరి, తల నెరిసేదాకా ఉండిపోయిన మనిషి. గాట్లు మాత్రం కొత్తవి, అందరూ పిడుగని పిలిచేదానివి. నాలుగేళ్ళ పిల్ల. బొమ్మ లాక్కుంటే చాలు, కొరికేది. ఇంకొకర్ని కొరికితే పంపేస్తానని హెడ్‌మిస్ట్రెస్ తేల్చేసింది. తల్లిది కుట్టు ఫ్యాక్టరీలో పని. పగలు పిల్లను చూసే దిక్కు లేదు.

టీచరు నమ్ముకున్నదల్లా గోడమీది అట్ట. నవ్వు, ఏడుపు, కోపం, భయం: నాలుగు మొహాలు. పొద్దున్నే ప్రతి పిల్లా తనకెలా ఉందో ఆ మొహానికి బట్టల క్లిప్పు తగిలించాలి. అందరూ నవ్వుకే తగిలించేవాళ్ళు, పిడుగుతో సహా. "శభాష్, బంగారుకొండ!" అని టీచరు చప్పట్లు కొట్టేది. కాసేపటికే ఎవరో కెవ్వుమనేవారు.

ఒకరోజు నీళ్ళ మోటారు దగ్గర అత్తగారితో మాటామాటా పెరిగి, టీచరు చిటపటలాడుతూ వచ్చింది.

"టీచర్, నీ క్లిప్పేదీ?" అంది పిడుగు.

"నాకెందుకే?"

"మూతి ముడుచుకున్నావుగా."

ఆయా కిసుక్కుమంది. "దొరికిపోయారమ్మా!"

టీచరు ఓ క్లిప్పు తీసి కోపానికి తగిలించింది.

"అది తప్పు కదా?" అన్నాడో బుడతడు.

అప్పుడు వెలిగింది ఆమెకు. నవ్వుకు చప్పట్లు కొట్టి కొట్టి, మిగతా మూడింటినీ తప్పు జవాబులు చేసింది తనే.

"తప్పేం కాదురా. కోపమొచ్చింది, చెప్పాను. ఎవర్నీ కొట్టలేదుగా?"

చప్పట్లు ఆనాటితో ఆగిపోయాయి. క్లిప్పులు మెల్లగా నాలుగు మొహాలకూ పాకాయి.

ఓ మధ్యాహ్నం బుడతడు పిడుగు చేతిలోంచి ఇటుకబొమ్మ లాక్కున్నాడు. పిల్ల నోరు తెరిచింది. టీచరు చటుక్కున లేచింది. పిడుగు ఆగి, దబదబా నడిచి, కోపం మొహానికి క్లిప్పు తగిలించి బడంతా వినబడేలా అరిచింది: "నాకు కోపం! వాడు నా ఇటుక లాక్కున్నాడు!"

హెడ్‌మిస్ట్రెస్ పరుగున వచ్చింది. "ఏంటా కేకలు?"

"అరవనివ్వండి మేడమ్. అరిచే నోటికి కొరికే తీరికుండదు."

బుడతడు అప్పటికే ఇటుక తిరిగిచ్చేశాడు. హెడ్‌మిస్ట్రెస్ అందరి చేతులూ తిప్పి చూసి, "సరే, ఉండనీ" అని వెళ్ళిపోయింది.

సాయంత్రం తల్లి గేటు దగ్గర బితుకుబితుకుమంటూ నిలబడింది. "ఇవాళెవర్ని కొరికిందండీ?"

"ఎవర్నీ లేదమ్మా. రేపూ తీసుకురండి."

ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఇంట్లో నా మీదా కోపమంటోందండీ, వేలెడంత లేదు!"

"ఎందుకో అడిగారా?"

తల్లి కూతురి వైపు తిరిగింది. "ఎందుకే?"

"జడ గట్టిగా లాగుతావు."

తల్లి సంచీ కింద పెట్టి, అక్కడే జడ విప్పి, వదులుగా అల్లడం మొదలుపెట్టింది.